పిట్ట ముట్టని ముద్ద

ఆ పొద్దున నన్ను విసిగించిన వాళ్ళలో భూమయ్య నాలుగోవాడు.

మొదటిది మా పాథాలజీ విభాగంలోని ఏసీ. అది ఆగిపోవడంతో మైనపు దిమ్మెలు మెత్తబడి, బ్లేడు కింద పొరలు తెగకుండా ముడతలు పడుతున్నాయి. రెండోవారు సూపరింటెండెంటు గారు. ఎవరో పెద్దమనుషులు ఆసుపత్రి చూడటానికి వస్తున్నారట. "ఆ కొట్టుకునే గుండెని కాస్త ముందుకు జరపండమ్మా, లైటు పడేటట్టు" అన్నారు, పెళ్ళికూతుర్ని పీటల మీద సర్దమన్నట్టు. మూడోది మా అమ్మ. పప్పులో ఉప్పు వేసిందో లేదో గుర్తురాక, నేను టిఫిన్ డబ్బా విప్పి రుచి చూసి చెబితే అప్పుడు తను తింటానని ఫోన్ చేసింది.

నాలుగోవాడు తలుపు తోసుకుని నేరుగా లోపలికి వచ్చాడు. అరవై దాటిన మనిషి, భుజం మీద తువ్వాల. వెనక అతని మరదలు సుగుణ, ఆమె కూతురు రవళి. ఆ ఇద్దరినీ నేనెరుగుదును. సుగుణ భర్త అంబదాస్ మా దగ్గర చాలాకాలం చూపించుకున్నాడు, పోయిన వారమే చనిపోయాడు.

"మా తమ్ముని గుండె మీ దగ్గరున్నదట గద మేడం" అన్నాడు భూమయ్య. "ఇస్తె తీస్కపోతం. ఇయ్యద్దని రూల్ ఉంటె మీరే సంపుండ్రి. మాకు ఏదైనా సరే, జర జల్ది గావాలె."

నేను చేతిలోని స్లైడు కింద పెట్టాను. రిపోర్టులో క్యాన్సర్ అనే మాట రాయకండి అని అడిగినవాళ్ళున్నారు. వేరే రంగుతో చూస్తే జబ్బు లేదని వస్తుందేమో చూడమన్నవాళ్ళున్నారు. గుండెను చంపమని అడిగినవాళ్ళు మాత్రం ఇప్పటిదాకా లేరు.

"ఎందుకు కాకా?"

"పిట్ట ముట్టలే."

నేనూ ఆ సాంచాల ఊరి పిల్లనే కనుక నాకు వివరం అక్కర్లేదు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా దగ్గర మనిషి పోయిన మూడొద్దులకు, అంటే మూడోనాడు, అతనికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి కోసం చూస్తారు. కాకి ముట్టితే పోయినవాడు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే కోరికేదో మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే విస్తరి ముందుకొచ్చి "ఫలానాది మేం చూసుకుంటం, ఇగ ముట్టు" అని మాటివ్వాలి.

"మటన్ పెట్టినం, కల్లు పెట్టినం" అని భూమయ్య వేళ్ళు ముడుస్తున్నాడు. "బూరెలు, సర్వపిండి, బీడికట్ట. అగ్గిపెట్టె మరిచినమని కోపానికొచ్చిండేమోనని మల్ల అదొకటి తెచ్చి పెట్టినం. పిల్ల పెండ్లి చేస్తమన్నం. సుగుణను అరుసుకుంటమన్నం. ఒక్క కాకి దిగలే. ఐదొద్దుల నాడు గూడ గంతే. అప్పుడు యాదికొచ్చింది మేడం, వాడు అనే మాట."

"ఏ మాట?"

"'నేను సచ్చినా సగమే సస్త, నా గుండె దవాఖానల నడుస్తనే ఉంటది' అంటుండె. ఫోన్ల వీడియో గూడ తీసుకొచ్చి చాయ్ హోటల్ల అందరికి చూపిచ్చిండు. సగం బతికున్న మనిషికి పిండం పెడితె పిట్ట ఎట్ల ముట్టుద్ది?"

సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రవళి గోడకు ఆనుకుని నేలకేసి చూస్తోంది. మా టెక్నీషియన్ మొయినుద్దీన్ భాయ్ ఏదో పని ఉన్నట్టు అటు తిరిగాడు. అతని భుజాలు కదులుతున్నాయి, నవ్వాపుకుంటున్నాడు. నాకు నవ్వు రాలేదు. అంబదాస్ ఎప్పుడూ ఇంతే. బతికినన్నాళ్ళూ నా మాట వినలేదు, పోయాక కూడా నాకు పని పెట్టాడు.

*

అంబదాస్ మా దగ్గరికి మనిషిగా రాలేదు, సీసాలో ముక్కగా వచ్చాడు. మాకు అందరూ అలాగే వస్తారు. పైన డాక్టర్లు గడ్డలోంచో, పేగులోంచో చిన్న ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేసి పంపుతారు. ఫార్మలిన్ ఆ ముక్కను చంపి, ఉన్నదున్నట్టు నిలబెడుతుంది. దాన్ని మైనంలో పోతపోసి, ఉల్లిపొర కంటే పలచగా కోసి, రంగులద్ది చూస్తాం. చచ్చినదాన్ని చూసి బతికినవాడి సంగతి చెప్పడం మా పని.

అతనికి మొదట కాళ్ళు తిమ్మిర్లట. నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా తెలిసేది కాదు, ఒంటిచెప్పుతో ఇంటికొచ్చేవాడు. తాగొచ్చాడని ఊళ్ళో నవ్వేవాళ్ళు. ఒక డాక్టరు షుగర్ నరాలన్నాడు, ఇంకొకాయన గ్యాస్ అన్నాడు, మూడో ఆయన నడుముకు బెల్టు కట్టించాడు. ఆయాసం వచ్చి మా ఆసుపత్రిలో పడ్డాక, మెడ నరంలోంచి సన్నతీగ పంపి గుండెలోపలి నుంచి నూకగింజలంత ముక్కలు తీశారు. నేను ఒకదానికి కాంగో రెడ్ అనే రంగు అద్దాను. మామూలు వెలుతురులో గులాబీ రంగు. వెలుతురును జల్లెడపట్టే పలక పెట్టి తిప్పితే ఆ గులాబీ కాస్తా లేత మామిడిపిందె పచ్చగా మారింది. ఆ పచ్చ ఒక్క జబ్బుకే వస్తుంది.

"నీ కాలేయం ఒక ప్రొటీన్‌ను వంకరగ తయారు చేస్తున్నదన్నా" అని చెప్పాను. "అది పోయి గుండె పోగుల నడుమ పేరుకుంటున్నది. గుండె బిరుసెక్కింది."

"అంటె పడుగుకు గంజి ఎక్కువ పట్టిచ్చినట్టు" అన్నాడు సాంచ నడిపే అంబదాస్. "దారం అట్టగట్టి సాంచ నడవది, గంతేనా?"

గంతే. వైద్య పుస్తకాల్లో ఇంతకంటే బాగా ఎక్కడా రాయలేదు. నేను ఆ మాట మెచ్చుకుంటుంటే అతను జేబులోంచి బీడీ తీశాడు. ఆసుపత్రిలో! గుండె జబ్బు మనిషి! "ముట్టద్దు" అని నేను అరవడం ఆ రోజే మొదలైంది.

ఈ వంకర తరాల్లో దిగుతుంది. రకాలు చాలా ఉన్నాయి, కొన్నింటికి మందులున్నాయి. అంబదాస్ వంశంలో ఉన్నది ఇంతవరకు ఎవరూ చూడనిది. దేనికి లొంగుతుందో తెలియదు. మనిషి మీద ఒక్కో మందూ ఏళ్ళ తరబడి వాడి చూసేంత ఆయుష్షు అతనికి లేదు.

అందుకే ఊపిరిపెట్టె. నేను, మొయిన్ భాయ్ కలిసి చేశాం. చేపల తొట్టి పంపు, కోళ్ళఫారంలో గుడ్లు పొదిగించే యంత్రపు థర్మోస్టాట్, మిగిలింది గాజు. ముక్కను ఫార్మలిన్‌లో వేయకుండా ఇందులో పెట్టి, రోగి రక్తం నుంచి తేర్చిన పసుపు నీటిని అందిస్తే ముక్క బతికే ఉంటుంది, మెల్లగా పెరుగుతుంది కూడా. ఆ నీటిని చిక్కబరిస్తే ఒంట్లో ఏడాదికి పట్టే గంజి ఇక్కడ వారంలో పడుతుంది. అంటే జబ్బు మనిషికంటే ముందు నడుస్తుంది, దానికి మనం ముందే మందు వేసి చూడొచ్చు.

కానీ ఆ పచ్చరంగు బతికున్న ముక్కకు పట్టదు. గంజి పడిందా లేదా అనేది చివరికి పాతపద్ధతిలో చంపి, కోసి, రంగద్దితేనే తెలుస్తుంది. మూడు ముక్కలు పెట్టాం, మూడు మందులు మొదలుపెట్టాం. రెండు ముక్కలు గడువు పూర్తయ్యాక కోసి చూస్తే నిండా పచ్చ. అంబదాస్ నవ్వాడు. "రెండు సార్లు సచ్చిన మేడం. ఇగ ఒక్కపాలి మిగిలింది."

మూడోది ఇంకా నడుస్తుండగానే అతని గుండె ఆగింది. అతను రక్తమిచ్చే స్థితిలో లేని చివరి నెలల నుంచే పెట్టెకు వారం వారం కూతురి రక్తం వాడుతున్నాం. రవళికి తండ్రి వంకర వచ్చిందని పరీక్షలో ముందే తేలింది. అదే వంకర ప్రొటీన్ ఆమె రక్తంలోనూ ఉంది. ఆ మూడో మందు పనిచేస్తుందో లేదో చెప్పగలిగేది భూమి మీద ఆ ముక్క ఒక్కటే.

*

ఇదంతా భూమయ్యకు చెప్పాను. ఓపిక పట్టి, బొమ్మలు గీసి మరీ చెప్పాను. "ఉగాది దాకా ఆగుండ్రి కాకా. ఇప్పుడు ఆపితే సగంలో ఆపినట్టు. సగం గడువుకు గంజి కనపడకపోతే అది మందు గొప్పో, ఇంకా టైం రాలేదో తెల్వది. రవళికి ఏ మందియ్యాల్నో నాకు తెల్వది."

భూమయ్య చాలా శ్రద్ధగా విన్నాడు. బొమ్మను చేతిలోకి తీసుకుని చూశాడు. "అదంత నిజమే మేడం" అన్నాడు. "గని పిట్ట ముట్టలే."

"ఊరవతల కోళ్ళ చెత్త పారబోసే గుంట ఉన్నది గదా. ఊళ్ళె కాకులన్నీ అక్కడ్నే ఉంటయి. మీ సర్వపిండి కోసం ఎందుకొస్తయి?"

"అదీ నిజమే. గని నర్సయ్య సచ్చినప్పుడు మరి వచ్చినయి గద?"

"నర్సయ్య ఎవరు?"

"మా పక్కింటాయన."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. మొయిన్ భాయ్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, ఒక మాట చెప్తా, గుస్సా కావద్దు. మా బామ్మర్ది కాకులను పడతడు. ఒకటి తెప్పిస్తా. ఇడిసిపెడదాం, ఖతం."

"భాయ్, నువ్వు పోయి ఏసీ సంగతి చూడు."

పద్ధతి ప్రకారం మనిషి పోయాక అతని ముక్క మీద భార్యదే మాట. ఆమె వద్దంటే మేం ఆపేయాలి. అందుకని సుగుణ వైపు తిరిగాను. ఆమె పవర్లూమ్ షెడ్డులో దారపు కండెలు చుట్టే మనిషి, మాట్లాడటం తక్కువ.

"నాకు జర సోంచాయించనియ్యిండ్రి" అంది. "రేపొస్త. ఆయనది... అది నేను చూడొచ్చునా?"

"రేపు చూపిస్త."

ముగ్గురూ బయలుదేరారు. గడప దాటాక రవళి కుడికాలి చెప్పు లోపలే ఉండిపోయింది. పిల్ల వెనక్కి తిరగలేదు. సిమెంటు మీద ఒక కాలు చప్పుడు, ఒక కాలు నిశ్శబ్దం. అలాగే వరండా చివరిదాకా నడిచి వెళ్ళిపోయింది.

మొయిన్ భాయ్ ఆ చెప్పును చూశాడు. నేనూ చూశాను. పరీక్షలో జబ్బు వస్తుందని మాత్రమే ఉంది. అది అప్పటికే మొదలైందన్న సంగతి మాకా చెప్పు చెప్పింది. అతను చెప్పు పట్టుకుని పరుగెత్తాడు.

*

"మరి వాళ్ళన్నదాంట్ల తప్పేమున్నదే?" అంది మా అమ్మ, సాయంత్రం కంచంలో పప్పు వడ్డిస్తూ. ఉప్పు లేదు.

"ఏమున్నదా? ఆ పిల్లకు మందు దొరకదు, అదున్నది."

"నువ్వు పిల్ల సంగతి చెప్తున్నవు. వాళ్ళు తండ్రి సంగతి అడుగుతున్నరు. ఒకటి అడిగితె ఇంకొకటి జవాబు చెప్తె ఎట్ల?"

మా అమ్మ ముప్పై ఏళ్ళు బీడీలు చుట్టి నన్ను చదివించింది. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. నేను ఏది చెప్పినా గొప్పగా తల ఊపుతుంది, ఒక్క ముక్క నమ్మదు.

"మీ నాయనకు పిట్ట ముట్టనప్పుడు నువ్వే గదనే ముంగటికి వచ్చి 'నేను సదువుతనే బాపూ' అన్నవు? అప్పుడే దిగింది."

"అప్పుడు నాకు పదకొండేండ్లు. కాకికి ఆకలైంది, దిగింది."

"అదే చెప్పు వాళ్ళకు గూడ. సదువుకున్నదానివి. ఆకలైతె దిగుద్దని చెప్పు."

నేను ఉప్పుడబ్బా తెచ్చుకున్నాను. పెద్ద చదువు చదివి, ముక్కను బతికించే పెట్టె చేసి, పొద్దుటి నుంచి నేను చేస్తున్నది కాకి గురించి వాదన. ఆ కోపంలో ఉప్పు ఎక్కువ పడింది.

*

మర్నాడు పెట్టెకు తిండి పెట్టే వేళకు ముగ్గురూ వచ్చారు. భూమయ్య ఈసారి మూత గిన్నె ఒకటి తెచ్చాడు. మూత తీయగానే మసాలా వాసన గుప్పుమంది.

"అరె బాప్‌రే!" మొయిన్ భాయ్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "మటనా? ల్యాబ్‌లకా? ఇక్కడ నేను ఊపిరి గూడ సూస్కొని పీలుస్త పెద్దమనిషీ!"

"పిట్ట రాకుంటె మేమే గుండెకాడికి తెచ్చినం. పక్కకు పెడతం, గంతే గద!"

"బయట పెట్టు కాకా" అన్నాను. "కుక్కలు తింటయి మరి" అని గొణుగుతూ గిన్నెను కిటికీ అవతల గట్టు మీద పెట్టి వచ్చాడు.

రవళి అలవాటుగా చెయ్యి చాపింది. మొయిన్ భాయ్ రక్తం తీసి యంత్రంలో తిప్పాడు, పైన తేరిన పసుపు నీటిని సన్నగొట్టంలోకి ఎక్కించాడు. నేను ముక్కను పెద్దగా చూపించే తెర వెలిగించాను.

పెసరగింజంత ముక్క. ఒక వైపు నల్లని సన్నగీత. మూడో మందు మొదలుపెట్టిన రోజు నేను సిరాతో పెట్టిన గుర్తు అది. గీతకు ఇవతలిది పాతది, అవతలిది మందు వచ్చాక పెరిగినది. మొత్తం కలిసి ముడుచుకుని, సాగి, ముడుచుకుని, సాగి.

సుగుణ తెర దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది. ఆమె పెదవులు దాంతో పాటు కదులుతున్నాయి.

"ఆయన సాంచ గిట్లనే నడిచేది" అంది. "రెండు కొట్టి జరసేపు ఆగేది. ఎన్నిసార్లు బాగుచేయించినా గంతే. ఇంట్ల పండుకుని వింటె మా సాంచ ఏదో నాకెరుకయ్యేది."

భూమయ్య గొంతు సవరించుకున్నాడు. అతని కళ్ళలో నీళ్ళు చూశాను కానీ మాట మారలేదు. "చూసినవు గద సుగుణా. ఇగ చెప్పు మేడంకు. మనిషిని గిట్ల నడుమల ఉంచుడు పాపం. వాని ఆకలి తీరలే."

"తీరింది పెద్దబాపు."

అంతసేపూ మాట్లాడని రవళి. దూది అదిమిన చెయ్యి మడుచుకుని నిలబడింది.

"వారం వారం నేనే గద పెడుతున్న" అంది. "నా ఒంట్లకెల్లి తీసి పెడుతున్న. పెట్టినప్పుడల్లా ముట్టుతుండు, చూడు. నువ్వు మటన్ పెట్టినవు, ముట్టలే. నేను పెట్టింది ముట్టుతుండు. ఇంకేం పిట్ట గావాలె నీకు?"

కొత్త నీరు అందిన ముక్క మామూలుగానే కాస్త జోరందుకుంది. అది పోషణ వల్ల జరిగేదే, ప్రతిసారీ జరుగుతుంది. చెప్పబోయి నోరు మూసుకున్నాను.

భూమయ్య తెరకేసి చూశాడు, పిల్లకేసి చూశాడు. తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. "అదంత నిజమే గని..." అని మొదలుపెట్టి, సుగుణ వైపు తిరిగాడు.

"ఉండనియ్యిండ్రి మేడం" అంది సుగుణ. "ఉగాది దాకా."

కిటికీ అవతల గిన్నెలో మటన్‌ను పిల్లి తింటోంది. భూమయ్య అది కూడా చూశాడు. అదృష్టం, పిల్లి గురించి ఏమీ అనలేదు.

*

ఆ తరవాత నా ప్రాణం కుదుటపడాల్సింది. పడలేదు.

రవళి వారానికొకసారి రావాల్సింది రెండు మూడు సార్లు రావడం మొదలుపెట్టింది. రక్తం అక్కర్లేదని చెప్పినా వచ్చి తెర ముందు కూర్చునేది. కాలేజీ సంగతులు చెప్పేది, పరీక్షల సంగతి చెప్పేది, తెరతో. మొయిన్ భాయ్ చాయ్ తెచ్చిచ్చేవాడు. "ఉండనీ మేడం, పిల్ల" అనేవాడు. రవళి మడమకు పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కుంది.

ఉగాది వెళ్ళింది. మందు గడువు పూర్తయింది. నేను ఫార్మలిన్ సీసా సిద్ధం చేసి సుగుణకు కబురు చేశాను. తల్లి కంటే ముందు కూతురు వచ్చి పెట్టెకు అడ్డం నిలబడింది.

"వద్దక్కా" అంది. మేడం పోయి అక్క వచ్చింది. "సంపద్దు."

నేను స్టూలు మీద కూలబడ్డాను. బతికి ఉండాలన్నప్పుడు చంపమని వచ్చారు. చంపాల్సిన రోజున బతికించమని వచ్చారు. ఒక్క కుటుంబం, ఒక్క ముక్క!

"రవళీ, ఇది ముందే అనుకున్నదే. కోసి చూస్తేనే మందు సంగతి తెలుస్తది."

"మందు నడుస్తుందో లేదో వాడి చూద్దాం. నా మీదనే చూడుండ్రి."

"నీ మీద తేలేసరికి ఏండ్లు పడ్తది. మీ బాపుకు దొరకని ఏండ్లు అవి. పోనీ ఇది ఎన్నాళ్ళు కొట్టుకుంటదనుకున్నవు? నువ్వు పోసే నీళ్ళల్లనే ఆ వంకర ఉన్నది. మందు పని చేయకపోతే నువ్వు పెట్టే ముద్దనే దాన్ని బిరుసెక్కిస్తది. ఎప్పుడో దానంతట అదే ఆగుతది. ఆగి కుళ్ళినదాన్ని నేను చదవలేను."

మాట కటువుగా వచ్చింది. పిల్ల మొహం పాలిపోయింది. అయినా పెట్టె ముందు నుంచి కదలలేదు. రెండు చేతులూ గాజుకు ఆనించి అలాగే ఉంది. నేను సూపరింటెండెంటు గారిని పిలవాలా, పోలీసును పిలవాలా అని ఆలోచిస్తుండగా సుగుణ లోపలికి వచ్చింది. నేనేమీ చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

కూతురి పక్కన నిలబడి, తనూ తెరకేసి చూసింది. రెండు కొట్టి జరసేపు ఆగుతోంది.

"బట్ట నేసుడైనంక సాంచ మీదనే ఉంచుతరానే?" అంది. "కోయాలె గద. కోస్తెనే బట్ట. కోయకుంటె అది ఎవని ఒంటికి రాదు. మీ బాపు రాత్రనక పగలనక నేసింది నీ ఒంటికే బిడ్డా."

రవళి చేతులు గాజు మీంచి జారాయి. తల్లి భుజం మీద మొహం పెట్టుకుని, నోరు విప్పి ఏడ్చింది. తండ్రి పోయినరోజు కూడా ఆ పిల్ల అలా ఏడవలేదని సుగుణ తరవాత చెప్పింది.

పంపు నేనే ఆపాను. ముక్కను పట్టకారుతో తీసి సీసాలో వేశాను. అది మునుగుతూ రెండుసార్లు ముడుచుకుంది. మూడోసారి కోసం ముగ్గురం చూశాం. ఇంక కొట్టలేదు.

తరవాత అంతా పాత పనే. మైనం, బ్లేడు, వెచ్చని నీళ్ళ మీద తేలే పొర, గాజుపలక, రంగు. ఏసీ ఆ వారమే బాగయింది, దానికొక దండం. మైక్రోస్కోపులో పెట్టాను. అంతా గులాబీ. నల్లగీత అడ్డంగా స్పష్టంగా ఉంది. జల్లెడ పలక మీద వేలు పెట్టి కాసేపు తిప్పలేకపోయాను.

తిప్పాను. గీతకు ఇవతల, అంబదాస్ ఒంట్లో పెరిగిన చోట, లేత మామిడిపిందె పచ్చ మెరిసింది. గీతకు అవతల చీకటి. లెన్సు మార్చి చూశాను. ఇంకో పొర కోసి చూశాను. మొయిన్ భాయ్‌ని కూర్చోబెట్టి చూపించాను. గీత దాటి ఒక్క పచ్చని పోగు లేదు. కూతురు పోసిన అన్ని నీళ్ళలో అంత వంకర ఉన్నా, మూడో మందు ఒక్క పోగుకు గంజి పట్టనివ్వలేదు.

"మాషా అల్లా" అని మొయిన్ భాయ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను భూమయ్యకు ఫోన్ చేశాను. మందు దొరికిందని, రవళి కాళ్ళ తిమ్మిరి ఉన్నకాడికి ఆగుతుందని, గుండెకు రాకుండా చూడొచ్చని, అన్నీ చెప్పాను. అటునుంచి వెక్కుతున్న చప్పుడు. తరవాత ముక్కు చీదిన చప్పుడు.

"మంచిమాట చెప్పినవు బిడ్డా" అన్నాడు. "సల్లగుండు. అదంత మంచిదే గని..."

"గని ఏంది కాకా?"

"ఇగ పూర్తిగ సచ్చిండు గద. మల్లొకపాలి పిట్టకు పెట్టాలె. నువ్వు గూడ రావాలె."

*

నేను వెళ్ళనన్నాను. మా అమ్మ చీర మార్చుకుని గుమ్మంలో నిలబడింది. వెళ్ళాను.

ఊరి వైకుంఠధామంలో, అదే శ్మశానంలో, ఎండ మండిపోతోంది. విస్తట్లో మళ్ళీ అన్నీ ఉన్నాయి. మటన్, కల్లు, బూరెలు, సర్వపిండి, బీడికట్ట, అగ్గిపెట్టె. చుట్టాలు నీడ ఉన్నచోట చేరి ఆకాశం చూస్తున్నారు. కాకి లేదు. కోళ్ళగుంట దిక్కు నుంచి అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి. ఆ మాట అనబోతే మా అమ్మ నా మోచెయ్యి గిచ్చింది.

భూమయ్య మాటిచ్చాడు. సుగుణ మాటిచ్చింది. ఎవరెవరో మాటిచ్చారు. బూరెల మీద చీమలు చేరాయి. నాకు మధ్యాహ్నం చూడాల్సిన స్లైడ్లు ఇరవై ఉన్నాయి, అందులో రెండు క్యాన్సర్ అనుమానాలు. చివరికి అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి.

"ఏందమ్మా?" అన్నాను మా అమ్మతో.

"నువ్వు గూడ ఒక మాట చెప్పు."

విసురుగా లేచి విస్తరి ముందుకు వెళ్ళాను. ఏం చెప్పాలో ఆలోచించుకోలేదు. రిపోర్టు చదివినట్టే చెప్పాను.

"అంబదాసన్నా, మూడోది పని చేసింది. గీత దాటి గంజి పట్టలే. నీ బిడ్డ నరాలకు వచ్చింది పోదు గని పెరగది. గుండెకు రాదు. నేనుండంగ రానియ్య. ఇగ... ఇగ తినన్నా. ఎండ కొడుతుంది. అందరు నీ కోసమే ఆగిండ్రు."

పక్కన రవళి సంచిలోంచి మందు డబ్బీ తీసింది. వేళయిందేమో, మొదటి గోలీ నోట్లో వేసుకుని సీసా ఎత్తి నీళ్ళు తాగింది.

గోడ మీద చప్పుడైంది. కాకి.

కాకి దిగింది. మటన్ దగ్గరికి వచ్చి మెడ వంచి చూసింది. వదిలేసింది. కల్లు సీసా చుట్టూ ఒకసారి తిరిగింది. బూరెను కాలితో తన్నింది. ఆ తరవాత బీడికట్టను ముక్కున కరుచుకుని, రెక్కలు టపటపలాడిస్తూ, అందరి నెత్తుల మీంచి ఎగిరి వెళ్ళిపోయింది.

"వాడే!" భూమయ్య గొంతు చించుకున్నాడు. "వాడే మేడం, వాడే!"

జనమంతా ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియని గోల. నేనా సరికే గోడదాకా పరుగెత్తి, కాకి పోయిన దిక్కుకు చెయ్యెత్తి అరుస్తున్నాను.

"బీడీలు ముట్టద్దని నీకెన్నిసార్లు చెప్పాలె అన్నా!"